మీ ఫిర్యాదు పరిష్కరించబడినది

సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు ఆ ఇంట్లో గొడవ పాల ప్యాకెట్ మూల గురించి.

ప్యాకెట్ మూలను పూర్తిగా తెగ్గోయకూడదు, కొసన కాస్త అంటుకుని ఉండేలా కోయాలి, లేకపోతే ఆ గోరంత ముక్క సింకులో పడి నీళ్లకు అడ్డం పడుతుందని జయంతి వాదన. మామగారు యజ్ఞనారాయణ నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయిన మనిషి. నీళ్లకు ఏది అడ్డం పడుతుందో కోడలి దగ్గర నేర్చుకోవాల్సిన కర్మ తనకేమిటని ఆయన బాధ. కోపం వచ్చినప్పుడు ఆయన కోడలితో నేరుగా మాట్లాడరు. మనవరాలు సంయుక్తను మధ్యలో పెట్టుకుంటారు.

"అమ్మడూ, మీ అమ్మతో చెప్పు. గోదావరి కాలువల మీద లాకులెత్తించినవాణ్ణి. నాకు సింకు పాఠాలు అక్కర్లేదని చెప్పు."

"అమ్మా, తాతయ్య లాకులెత్తించారట," అంది సంయుక్త ఇంటర్ పుస్తకంలోంచి తలెత్తకుండా.

"ఆ లాకుల్లో పాల ప్యాకెట్ ముక్కలు పడలేదేమో, అడుగు."

"తాతయ్యా, పడ్డాయా?"

"గేదెలే పడ్డాయని చెప్పు!"

ఉదయ్ భాస్కర్ ల్యాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకుంటూ, "ఇద్దరూ చెప్పేది కరెక్టే," అన్నాడు. పెళ్లయిన నాటి నుంచీ అతను ఆ ఇంట్లో ప్రతి గొడవకూ ఇచ్చే తీర్పు అదే. అందువల్ల ఏ గొడవా తెగలేదు.

సరిగ్గా అప్పుడే కుక్కర్ మూడో కూత వేసింది, జయంతి ఫోన్ మోగింది.

"మేడం, ఫ్రిజ్ సర్వీస్ నుంచి. హఫీజ్‌పేట్‌ల ఉన్న. ఇక్కడ పని అయింది. మీ ఫోన్‌కి నాలుగంకెల కోడ్ వచ్చుంటది, జర చెప్పండి మేడం."

"బాగయిందా?"

"అంతా సెట్ మేడం. ఇంకా తొమ్మిది కాల్స్ ఉన్నయి, ఎండెక్కుతుంది, జర జల్దీ."

వెనక మామగారు గేదెల గురించి ఇంకా ఏదో అంటున్నారు. కుక్కర్ నాలుగో కూతకు ఊపిరి బిగిస్తోంది. ఇన్ని చప్పుళ్లలో ఒక్కటైనా ఆగితే చాలనిపించింది జయంతికి. ఏడు, ఒకటి, నాలుగు, రెండు అని చదివింది. అతను థాంక్యూ చెప్పి, వీలుంటే ఐదు స్టార్లు ఇవ్వండి మేడం అన్నాడు. పాపం, ఎండన పడి తిరుగుతున్నాడు కదా అని అవీ ఇచ్చింది. నిమిషం తిరక్కుండా మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. మీ సంతృప్తే మా ధ్యేయం.

ఆ ఫ్రిజ్ జయంతిది కాదు, సత్తెమ్మది.

సత్తెమ్మ ఆ ఇంట్లో ఎనిమిదేళ్లు అంట్లు తోమింది. అదే అపార్ట్‌మెంట్లో మరో మూడిళ్లలో కూడా తోమేది. సబ్బు నీళ్లకు ఆమె వేళ్ల సందులు పగిలి నెత్తురు వచ్చేది. చర్మం డాక్టరు చూసి, మందుల వల్ల కాదమ్మా, సబ్బు నీళ్లు మానాల్సిందే అన్నాడు. అంట్లు తోమే మనిషి సబ్బు నీళ్లు మానడమంటే అన్నం మానడమే. అప్పుడు జయంతికి ఒక ఆలోచన వచ్చింది. కొండాపూర్ లేడీస్ హాస్టళ్లలో ఉండే ఐటీ అమ్మాయిలు పొద్దున్నే ఇడ్లీ, దోసె తిని క్యాబులెక్కుతారు. ఆ పిండి ఎవరో ఒకరు రుబ్బాలి కదా. నిరుడు దసరాకి సత్తెమ్మ నాలుగిళ్లూ మానేసి, హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ వెనక తన రెండు గదుల ఇంట్లో గ్రైండర్ పెట్టింది. మినపప్పు ఎంత, బియ్యం ఎంత, ఎన్ని గంటలు నానాలి అన్నది జయంతే కొలిచి కాగితం మీద రాసిచ్చింది. ఫ్రిజ్ కొనేటప్పుడు జయంతి కార్డు మీద కొంటే తగ్గింపు ఉందన్నారు. సరేనని ఆ కార్డు మీదే కొన్నారు. కార్డుతో పాటు ఫోన్ నంబరూ ఆమెదే పడింది. డబ్బు సత్తెమ్మది, పిండి సత్తెమ్మది. కంపెనీ దృష్టిలో మాత్రం యజమానురాలు జయంతి.

మే నెల. శనివారం నుంచి ఆ ఫ్రిజ్ చల్లబడటం లేదు.

పదకొండింటికి సత్తెమ్మ వచ్చింది. గుమ్మం దగ్గరే కొంగుతో మెడ తుడుచుకుంది.

"అమ్మా, గా పిలగాడు నీకేమన్న చెప్పిండా?"

"అయిపోయిందన్నాడుగా."

"ఏందయ్యేది? ఎనక డొక్క ఇప్పిండు, చెయ్యి పెట్టి చూసిండు. కంప్రెసర్ పోయింది పెద్దమ్మా, సామాను రావాలె అన్నడు. ఫోన్ల మాట్లాడుకుంట బయటికి పోయిండు. నేను చాయ్ పెడుతనే ఉన్న, తాగకుంటనే పాయె."

జయంతి తన ఫోన్ తెరిచి మెసేజ్ చూపించింది. సత్తెమ్మకు చదువు రాదు. "ఏమంటది?" అని అడిగింది.

"బాగయిపోయిందని నేను ఒప్పుకున్నానట."

"నువ్వు కావాలని చేసినవా ఏందమ్మా," అంది సత్తెమ్మ. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్లు ఒక మోటు సామెత చెప్పారు. సత్తెమ్మ దాన్ని సగం దాకా అని, లోపల పెద్దాయన కూర్చుని ఉండటం చూసి మిగతా సగం మింగేసింది.

తిట్టి ఉంటే బాగుండేదనుకుంది జయంతి. ఒకప్పుడైతే ఇలాంటి సంగతికి ఆమె ఒళ్లు చల్లబడేది. ఇప్పుడలా ఏమీ కాలేదు. గత మూడు నాలుగేళ్లలో చిమ్నీకనీ, ఇంటర్నెట్టుకనీ, చిరుగుతో వచ్చిన దుప్పటికనీ ఎన్ని ఫోన్లు చేసిందో, ఎన్ని ఫిర్యాదు నంబర్లు పాల క్యాలెండర్ వెనక రాసుకుందో లెక్క లేదు. మొదట్లో కోపం వచ్చేది. తరవాత ఏడుపు వచ్చేది. కొంత కాలానికి రెండూ రావడం మానేశాయి. ఎక్కువసేపు ఒకే వైపు పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుందే, మనసు అలా అయిపోయింది.

ఆ మధ్యాహ్నం ఫోన్ చేసింది. తెలుగు కోసం రెండు నొక్కింది. పద్దెనిమిది నిమిషాలు లైన్లో మోగే వేణువు వింది.

"మీ ఫిర్యాదు ఆల్రెడీ క్లోజ్ అయింది మేడం. మీరే కన్‌ఫర్మ్ చేశారు."

"పొరపాటున చెప్పానమ్మా."

"అంటే కోడ్ మీరు చెప్పలేదంటారా?"

"చెప్పాను."

"చెప్పారు కదా మేడం. ఇంకేమైనా సహాయం కావాలా?"

మంగళవారం మళ్లీ చేసింది. ఈసారి ఇరవై ఆరు నిమిషాలు. గొంతు వేరు, మాట అదే. మెయిల్ పెడితే ఒక్క నిమిషంలో జవాబు వచ్చింది. మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యమంటూ, ఆ ఫిర్యాదు పరిష్కారమైపోయిందంటూ.

ఈలోగా పిండి ఆగదు. హాస్టళ్లలో పెద్దది కృష్ణప్రియ నడిపే హాస్టల్. నూట ఇరవై మంది అమ్మాయిలు. ఆవిడది విజయవాడ వైపు. మనిషి మంచిదే కానీ మాట మెత్తన కాదు. సోమవారం దోసెలు పులిసిపోయి అమ్మాయిలు ప్లేట్లలో వదిలేసి వెళ్లారు. జయంతే ఆవిడకు ఫోన్ చేసింది.

"నాకూ తెలుసండి, ఆవిడ కష్టపడుతుంది," అంది కృష్ణప్రియ. "కానీ పొద్దున ఆరింటికి నూట ఇరవై మంది ఆకలి మీద నిలబడితే కష్టం సంగతి ఎవరు వింటారు? మిగతా రెండు హాస్టళ్ల వాళ్లూ నన్నే చూస్తున్నారు. నేను మానిపిస్తే వాళ్లూ మానిపిస్తారు. శుక్రవారం దాకా ఎలాగో సర్దుకుంటాను. శనివారం తెల్లారి పిండి బాగుంటే సరే, లేదంటే కూకట్‌పల్లిలో ఒకతను వేస్తానంటున్నాడు."

జయంతి తన ఫ్రిజ్‌లో మూడు అరలు ఖాళీ చేసింది. సత్తెమ్మ రాత్రి తెచ్చిన నాలుగు బకెట్లలో రెండే పట్టాయి. పని మానేసినప్పుడే సత్తెమ్మ గేటు పాస్ రద్దయింది కాబట్టి పొద్దున ఆరు కాకముందు సెక్యూరిటీ ఆమెను రానివ్వదు. అందుకని తెల్లవారుజామున జయంతే బకెట్లు లిఫ్టులో దింపి, గేటు బయట నిలబడ్డ సత్తెమ్మకు అందించింది. మంగళవారం అలా జరిగింది. బుధవారం అలా జరిగింది. బుధవారం తొమ్మిదింటికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పడింది. లిఫ్టు కెమెరాలోంచి తీసింది. నైటీ మీద చున్నీ కప్పుకుని, రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని జయంతి. కింద సంఘం కార్యదర్శి రామబ్రహ్మం రాసిన ఒక వాక్యం: నివాస గృహాలలో వ్యాపార సామగ్రి నిల్వ, రవాణా నిషిద్ధమని సభ్యులకు మనవి.

జయంతి ఫోన్ చేస్తే ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "మీరంటే గౌరవమేనండి. మీ మామగారంటే మరీనూ. కానీ రూలు రూలే కదా. ఇవాళ పిండి అంటారు, రేపింకొకరు గ్యాస్ సిలిండర్లు అంటారు. ఎవర్నని ఆపమంటారు చెప్పండి?"

"ఇడ్లీ పిండి పేలదండి," అంది జయంతి.

ఆయన నవ్వాడు. రూలు మాత్రం రూలుగానే ఉండిపోయింది.

అప్పుడు ఆమె అదే గ్రూపులో, ఆ ఫొటో కిందే, జరిగినదంతా రాసింది. పని చూడకుండా కోడ్ చెప్పింది తానేనని కూడా రాసింది. ఎవరింట్లోనైనా వాడని ఫ్రిజ్ ఉంటే కొన్నాళ్లు సత్తెమ్మకు ఇవ్వగలరా అని అడిగింది.

గంటలో గ్రూపు నిండిపోయింది. నేనూ వాషింగ్ మెషిన్‌కి ఇలాగే చెప్పేశాను అని ఒకరు. మా ఇంట్లో చిమ్నీకి, పాపం నీళ్లు కూడా అడగలేదు కుర్రాడు, ఎలా కాదంటాం అని ఇంకొకరు. మొత్తం పదిహేడు మంది తేలారు. పదిహేడు మందీ చదువుకున్నవాళ్లే. తరవాత ఆలోచనలు మొదలయ్యాయి. "పని అయ్యాకే కోడ్" అని స్టిక్కర్లు అచ్చు వేయించి ఇంటింటికీ పంచుదామన్నారు. పనివాళ్ల ఫిర్యాదుల కోసం ఒక యాప్ తయారుచేస్తానని ఎఫ్ బ్లాక్ కుర్రాడు ముందుకొచ్చాడు. బి బ్లాక్ నాగమణి వినియోగదారుల హక్కుల మీద క్లబ్‌హౌస్‌లో ఒక అవగాహన సదస్సు పెడదాం, టీ బిస్కెట్లు మావి అంది. సదస్సు శనివారమా ఆదివారమా అని ఓటింగ్ పెట్టారు. నలభై ఒక్క మంది ఓటేశారు. ఫ్రిజ్ మాత్రం ఎవరూ ఉందనలేదు. ఎదురు బ్లాకులో మూడు బాల్కనీల్లో రెండో ఫ్రిజ్ ఉండటం జయంతి బట్టలారేస్తూ రోజూ చూస్తూనే ఉంటుంది.

సాయంత్రం ఉదయ్ భాస్కర్‌తో చెప్పింది. మాదాపూర్‌లో అతని ఆఫీసు చేసే పని కూడా అలాంటిదే. వేరే దేశాల కంపెనీల కోసం, వచ్చిన ఫిర్యాదు ఎన్ని గంటల్లో మూతపడిందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ రాస్తారు.

"సిస్టమ్‌లో కస్టమర్ కన్‌ఫర్మేషనే ఫైనల్ జయా," అన్నాడు సాక్సులు విప్పుకుంటూ. "దాని తరవాత ఇంకో గడి ఉండదు."

"ఎందుకుండదు?"

అతను నిజంగానే ఆలోచించాడు. "ఎవరూ అడగలేదు," అన్నాడు.

గురువారం జయంతి, సత్తెమ్మ ఆటోలో మియాపూర్ వెళ్లి మెట్రో ఎక్కారు. బాలానగర్‌లో, లేత్ మిషన్ల షాపుల మధ్య ఒక రేకుల షెడ్డు. అదే కంపెనీ సర్వీస్ సెంటర్. ఇనుము కోస్తున్న చప్పుడు పళ్లలోకి దిగుతోంది. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాక కౌంటర్ దగ్గరికి పిలిచారు. అక్కడున్న అమ్మాయి మెడలో జ్యోత్స్న అని కార్డు వేలాడుతోంది. విసుక్కోలేదు. కంప్యూటర్ తెర వాళ్ల వైపు తిప్పి మరీ చూపించింది.

"మూసేసిన కంప్లెయింట్ తెరవాలంటే కారణం సెలెక్ట్ చేయాలి మేడం. మూడే ఉన్నయి. ఒకటి, అదే సమస్య మళ్లొచ్చింది. గది ఏడు రోజుల తర్వాతనే పని చేస్తది. దాని తర్వాత సామాను ఆర్డర్ పెడితే మూడు వారాలు. రెండోది, ఒకటే కంప్లెయింట్ రెండుసార్లు వచ్చింది. అది మీకు వర్తించదు."

"మూడోది?"

"టెక్నీషియన్ అబద్ధం చెప్పి కోడ్ తీస్కున్నడు. గిది పెడితే రేపు సాయంత్రం లోపల కంప్రెసర్ వేస్తరు. అర్జెంట్ కింద పడ్తది."

"అది పెడితే అతనికేమవుతుంది?"

"ఐడీ బంద్ అయితది మేడం. కొలువు పోయినట్టే."

"గీ పిలగాడే," అంది సత్తెమ్మ అప్పుడే.

పాత మోటారొకటి భుజాన మోసుకుని లోపలికొస్తున్న మనిషిని చూపించింది. ముప్పై ఏళ్లుంటాయి. చొక్కా వీపంతా చెమటకు అంటుకుపోయింది. సత్తెమ్మను చూడగానే అతనికి అర్థమైంది. మోటారు నేల మీద దింపి దగ్గరికొచ్చాడు. పేరు మహేశ్.

"మేడం, మీరే కదా. కుక్కర్ కూత వినొచ్చింది ఫోన్ల," అన్నాడు. తప్పించుకోవాలని చూడలేదు. "మధ్యాహ్నం రెండు గంటల లోపల పది కోడ్‌లు పడాలె మేడం. సామాను లేదని ఆపితే నా పేరు మీద పెండింగ్ పడ్తది. కోడ్ తీస్కొని, నేనే మళ్ల కొత్త కంప్లెయింట్ పెడదామనుకున్న. పెట్టిన కూడ. సిస్టం తీస్కోలే. ఏడు రోజులు ఆగాలంటది. గా రూలు ఈ నెలల్నే వచ్చిందట, నాకెరుక లేదు."

"అయిందని చెప్పావు కదయ్యా," అంది జయంతి.

"చెప్పిన మేడం." తల వంచుకున్నాడు. "అందరికీ గట్లనే చెప్త."

జయంతి కౌంటర్ వైపు తిరిగింది. "అమ్మాయ్, కస్టమర్ తప్పు అని ఒక కారణం చూడు. మిషన్ ముఖం కూడా చూడకుండా కోడ్ చెప్పింది నేను. నా తప్పని పెట్టు."

జ్యోత్స్న నిజంగానే వెతికింది. పైకీ కిందికీ రెండుసార్లు చూసింది. "లేదు మేడం. కస్టమర్ది తప్పు అని మా దాంట్ల ఎక్కడా లేదు."

జయంతి ఒక తెల్లకాగితం అడిగి తీసుకుంది. జరిగింది జరిగినట్టు పన్నెండు పంక్తుల్లో రాసింది. తప్పు నాది అని రాసి, కింద సంతకం చేసింది. జ్యోత్స్న దాని మీద ముట్టినట్టు ముద్ర వేసి నకలు చేతికిచ్చింది. ఆ ఫ్రిజ్ మీదున్న నంబరు మార్చి సత్తెమ్మ నంబరు కూడా ఎక్కించింది. ఆ ఒక్క పనికీ కారణం అడగలేదు.

మిగిలింది మూడో కారణం. జయంతి సత్తెమ్మ ముఖంలోకి చూసింది.

"ఫ్రిజ్ నీది. నువ్వు చెప్పు. పెట్టమంటే పెడతాను."

సత్తెమ్మ మహేశ్‌ను కింది నుంచి పై దాకా చూసింది. "పెండ్లయిందారా?"

"అయింది పెద్దమ్మా. ఒక బిడ్డ."

"చాయ్ తాగకుంట ఎందుకు ఉరికినవ్ ఆ దినం?"

అతను చేతికంటిన మడ్డి చొక్కాకు తుడుచుకున్నాడు.

"వద్దమ్మా," అంది సత్తెమ్మ జయంతితో. "వీని కొలువు తీస్తే నా ఫ్రిజ్ బాగైతది, ఎందుక్కాదు. గని చంటిపిల్ల ఉసురు పోసుకొని రుబ్బిన పిండి ఎవరికి తినబుద్దైతది? నడువు పోదాం."

తిరుగు మెట్రోలో ఇద్దరికీ సీట్లు దొరికాయి. కూకట్‌పల్లి దాటింది. సత్తెమ్మ మామూలుగా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "బి బ్లాక్‌ల నాగమణి మేడం పనిమనిషి కావాల్నంటుంది కదా. ఒకటో తారీఖు నుంచి వస్తనని చెప్పమ్మా."

"నీ చేతులు?"

"చేతులకేంది. ఉన్నయి."

ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్న ఆ చేతులను జయంతి చూసింది. ఆరు నెలల్లో వేళ్ల సందులు మానాయి. పగిలిన చోట కొత్త చర్మం వచ్చింది, లేతగా, చుట్టూ ఉన్న చర్మం కంటే ఒక ఛాయ తక్కువగా. తన మనసులో ఏదైనా కదులుతుందేమోనని ఒక స్టేషన్ దూరం పాటు చూసింది. కదల్లేదు. తిమ్మిరి తిమ్మిరిగానే ఉంది. మనసు కదిలేదాకా ఆగి ఏ పనైనా చేయాలంటే తనవల్ల ఇక ఏదీ కాదని మాత్రం తెలిసింది.

"మీ ఇంటి గుమ్మం ఎంత వెడల్పుంటుంది?" అంది.

"ఏ గుమ్మమమ్మా?"

"పిండి పెట్టుకునే గదిది."

సత్తెమ్మకు అర్థం కాలేదు. జయంతి మియాపూర్‌లో దిగి ఇంటికి పోకుండా ఆమెతో పాటే హఫీజ్‌పేట్ వెళ్లింది. గుమ్మాన్ని జానతో కొలిచింది. మూడున్నర జానలు. గోడకున్న ప్లగ్గు చూసింది, గచ్చు ఎత్తుపల్లాలు చూసింది, సత్తెమ్మ మొగుడు వీరేశంతో రెండు మాటలు మాట్లాడింది. ఇంటికొచ్చి తన ఫ్రిజ్‌ను కొలిచింది. మూడు జానల మీద రెండు వేళ్లు.

ఆ ఇంట్లో పగలు ఎవరి వేళకు వాళ్లు తింటారు కానీ, రాత్రి ఎనిమిదింటికి నలుగురూ కలిసే కూర్చుంటారు. ఆ రోజు బీరకాయ పప్పు, వంకాయ వేపుడు, మజ్జిగ పులుసు. జయంతి అందరికీ వడ్డించి, తానూ కంచం పెట్టుకుని కూర్చుంది. మొదటి ముద్ద కలుపుతూ చెప్పింది.

"రేపు పొద్దున ఏడింటికి వీరేశం ట్రాలీ ఆటో తెస్తాడు. మన ఫ్రిజ్ సత్తెమ్మ ఇంటికి వెళ్తోంది. ఆమెది బాగయ్యేదాకా అక్కడే ఉంటుంది."

సంయుక్త ముద్ద ఆపి తాతయ్య వైపు చూసింది. ఫ్యాను తిరుగుతోంది.

"ఎన్నాళ్లు?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"నెల రోజులన్నారు. రెండు నెలలనుకోండి."

"మే నెలలోనా జయా?"

"మే నెల కాబట్టేనండి."

"అమ్మా, నా ఐస్‌క్రీమ్ ఇంకా సగం డబ్బా ఉంది," అంది సంయుక్త.

"అన్నం తిన్నాక అది కూడా తినెయ్."

ఉదయ్ భాస్కర్ పప్పు కలపడం ఆపాడు. "శని ఆదివారాల్లో ఎక్కడైనా సెకండ్ హ్యాండ్‌ది చూసి పెడదాం ఆవిడకి. ఎందుకింత..."

"శనివారం తెల్లారేసరికి మంచి పిండి హాస్టల్లో ఉండాలి. ఆదివారం అయ్యేసరికి ఆ బేరం కూకట్‌పల్లి వెళ్లిపోతుంది. సత్తెమ్మ బి బ్లాక్‌లో అంట్లకి కూర్చుంటుంది."

"నన్నొక్క మాట అడగాల్సింది."

"కోడ్ చెప్పేటప్పుడు ఎవర్నీ అడగలేదు," అంది జయంతి. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు.

యజ్ఞనారాయణ వేపుడు ముక్కను కంచం అంచుకు జరిపారు. "నా కళ్ల చుక్కల మందో? చల్లగా ఉంచాలన్నాడు డాక్టరు."

"కింద మందుల షాపు వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టించానండి. సాయంత్రం నడకకి వెళ్లినప్పుడు వాళ్లే వేస్తారు."

ఆయన కొంచెంసేపు నమిలారు. "ఆ రామబ్రహ్మం గేటు దగ్గర అడ్డం పడడూ?"

"పాస్ తీసుకున్నాను. కారణం రాయమంటే రిపేరుకి అని రాశాను. అందులో సరిపోయే కారణం ఇంకేదీ లేదు."

"నిలబెట్టి తీసుకెళ్లమను. పడుకోబెడితే గ్యాస్ పాడవుతుంది," అన్నారు ఆయన. "పెట్టాక నాలుగ్గంటలు ఆగి స్విచ్ వెయ్యమను."

"చెప్పానండి."

"వాళ్లు వింటారో లేదో. నేనూ వెళ్తాను ఆటోలో."

ఉదయ్ భాస్కర్ తండ్రినీ, భార్యనూ మార్చి మార్చి చూశాడు. "ఏడున్నరకి నాకు కాల్ ఉంది," అన్నాడు చివరికి.

"మీరక్కర్లేదు. ఏడింటికల్లా తలుపు అరలో ఉన్న మీ సీసాలు తీసేయండి, చాలు. రేపట్నుంచి ఏ పూట కూర ఆ పూటే," అని జయంతి పులుసు గిన్నె దగ్గరికి లాక్కుంది. "ఎవరికెయ్యను?"